ఉన్ని మ్యాట్ మీద తొమ్మిది చొక్కాలు

పిఠాపురం,
11 జులై 2024

వెంకటదుర్గ వదిన గారికి, సూర్యకళ నమస్కారాలు.

ఫోన్ చేద్దామనుకుంటే సాయిదుర్గ వద్దంది. "అమ్మకి కుడి చెవి కూడా పోయింది అత్తా, ఫోన్ మోగినా తెలియట్లేదు. ఉత్తరం రాస్తే చదువుకుంటుంది" అంది. అందుకని రాస్తున్నాను.

మీ తమ్ముడు గారు పోయి ఐదు నెలలైంది. చినలంక ఇంటికి తాళం వేసి, ఇక్కడ ఆడపిల్లల హాస్టల్లో వంటకి చేరాను. ఉండడానికి వెనక గది ఇచ్చారు. తొంభై మంది పిల్లలు. పని ఉంటే రోజు గడుస్తుంది.

పదో రోజున ఆయన పంచె, చొక్కా ఒక జత బయటికి ఇచ్చేశాం. మిగిలినవాటి గురించి అప్పాయమ్మ పిన్ని గారు "పోయినోడి బట్టలు ఇంట్లో ఉంచుకోకూడదే, ఏట్లో ఒదిలెయ్యి" అన్నారు. సరే అన్నాను గానీ వదల్లేదు. గదిలో ట్రంకు పెట్టె తెరిచినప్పుడల్లా కనబడుతున్నాయి. కట్టుకునేవాళ్లు లేరు, పారేయడానికి చెయ్యి రాదు.

మీరు బొంతలు కుడతారు కదా. ఈ చొక్కాలు, లుంగీలు కోసి ఒక మనిషి కప్పుకునేంత బొంత కుట్టి పెడతారా? మీకు ఆయన మీద ఉన్న కోపం నాకు తెలుసు. అయినా ఇంకెవర్ని అడగను?

బస్సు పార్సిల్లో పంపాను. వాన కాలం కాబట్టి తడవకుండా ఒక ఉన్ని మ్యాట్‌లో చుట్టాను. అది తిరిగి పంపక్కర్లేదు. మీ ఇస్త్రీకి పనికొస్తుంది, ఉంచుకోండి.

మీ
సూర్యకళ


రామచంద్రపురం,
24 జులై 2024

సూర్యకళకు,

కట్ట అందింది. తొమ్మిది చొక్కాలు, నాలుగు లుంగీలు. చొక్కాలన్నీ తెలుపో, తెలుపులాంటివో. రంగు కోసం నా దగ్గరున్న ముక్కలేమైనా కలపాలంటే రాయి. వద్దంటే ఇవే వేస్తాను.

విప్పగానే ముందు వాసన చూశాను. దాచడం ఎందుకు, మందు వాసన వస్తుందేమోనని చూశాను. రాలేదు. గంజి వాసన, సబ్బు వాసన వచ్చింది. నువ్వు ఉతికి పంపి ఉంటావు.

పోయినవాడి గురించి చెడ్డ మాట రాయకూడదు. కానీ నువ్వే కోపం సంగతి ఎత్తావు కాబట్టి రాస్తున్నాను. చెరువులు పోయినందుకు నాకు కోపం లేదు. రొయ్యకి తెల్లమచ్చ తెగులు తగిలితే ఎవరైనా ఏం చేస్తారు? పోయాక ఇంకో పని వెతుక్కోకుండా పొద్దున్నే బస్సెక్కి, మందు చవగ్గా దొరికే ఆ యానాం పోయి చీకటి పడ్డాక రావడం, అదీ నా కోపం. సాయిదుర్గ పెళ్లికి వాణ్ణి పిలవద్దని నేనే అన్నాను. అప్పాయమ్మ పిన్ని కొడుకు అచ్చిబాబు అందరిలో ఏమన్నాడో నీకు తెలుసు. "అన్నయ్య వస్తే బుట్టలో పెళ్లికూతుర్ని తేడు, సీసాలు తెస్తాడు" అని. పెళ్లివారు నవ్వారు. అప్పటికి నా చెవులు బాగానే ఉన్నాయి.

పని సంగతి. నేను ముక్కలన్నీ ఆరంగుళాల చదరాలుగా కోస్తాను. నాలుగు మూలలు కలిసేచోట కుట్టు లావెక్కి బొడిపెలా లేస్తుంది. ఇన్నాళ్లూ బల్ల మీద దుప్పటి మడిచి ఇస్త్రీ చేసేదాన్ని, ఆ బొడిపె పూర్తిగా పోయేది కాదు. నీ మ్యాట్ మీద వేసి చూశాను. బొటనవేలంత మందం ఉంది, గట్టిగా నొక్కిన ఉన్ని. పైనుంచి ఇస్త్రీ పెట్టె వేడి, కిందనుంచి ఉన్ని వేడి, రెండు వైపులా ఒకేసారి ఇస్త్రీ అయినట్టు కుట్టు అణిగిపోయింది. ముప్పై ఏళ్లుగా కుడుతున్నాను, ఇలాంటిది నాకు తెలియనే తెలియదు. ఎక్కడిది ఇది? ఒక మూల పెట్టె ముక్కు ఆకారంలో కాలిన మచ్చ ఉంది. ఎవరో బాగా వాడినదే.

వెంకటదుర్గ


పిఠాపురం,
9 ఆగస్టు 2024

వదిన గారికి,

రంగు ముక్కలు వద్దండి. ఉన్నవాటితోనే కుట్టండి.

మ్యాట్ నచ్చినందుకు సంతోషం. కొన్ని జాగ్రత్తలు రాస్తున్నాను. దాన్ని నేరుగా చెక్క బల్ల మీద వేయకండి. వేడి కిందికి దిగి బల్ల పాలిష్ తెల్లబడిపోతుంది. కింద దళసరి అట్ట గానీ రేకు గానీ ఉండాలి. పెట్టెను అటూ ఇటూ లాగకండి. లాగితే చదరం సాగి మూల వంకర పోతుంది. ఎత్తి పెట్టి, కాసేపు ఆనించి, మళ్లీ ఎత్తాలి. ఇస్త్రీ అయిన ముక్కను వెంటనే తీయకుండా మ్యాట్ మీదే చల్లారనివ్వండి. అప్పుడు కుట్టు ఎలా పడుకుందో అలాగే ఉండిపోతుంది. నీళ్లు మరీ చల్లకండి. ఉన్ని తడి పీల్చుకుంటే గొర్రె వాసన వేస్తుంది. సాయంత్రం నిలబెట్టి ఆరబెట్టండి, పరిచి వదలకండి. టెరికాటన్ చొక్కాలు రెండున్నాయి, వాటికి వేడి తగ్గించాలి. కిందనుంచి కూడా వేడి తగులుతుంది కాబట్టి మనం అనుకున్నదానికంటే తొందరగా మెరుపొచ్చేస్తుంది.

ఎక్కడిదంటే, తెలిసినవాళ్లు ఇచ్చారు.

ఇక్కడ కొత్త వార్డెన్ వచ్చింది. పప్పులో ఉప్పు ఎక్కువైందని మొన్న నా మీద అరిచింది. పిల్లలు "ఆంటీ, మాకు సరిపోయింది" అన్నారు. అదొక బలం.

సూర్యకళ


రామచంద్రపురం,
15 సెప్టెంబరు 2024

సూర్యకళకు,

నువ్వు రాసినవన్నీ చేసి చూశాను. ఒక్కటి కూడా తప్పు కాలేదు. బల్ల సంగతి నీ ఉత్తరం వచ్చేసరికే ఆలస్యమైంది, నా కటింగ్ బల్ల మీద చదరంగా తెల్లమచ్చ పడింది.

కానీ అమ్మాయ్, వంట చేసే దానివి, బ్లౌజుకి హుక్కు ఊడితే నా దగ్గరికి పంపే దానివి, ఇవన్నీ నీకెలా తెలుసు? తెలిసినవాళ్లు మ్యాట్ ఇస్తారు గానీ ఇన్ని సంగతులు ఇవ్వరు.

ఇంకొకటి రాస్తాను, జాగ్రత్తగా చదువు. చొక్కాలు కుట్లు విప్పి పరిచాను. బొంతకి ఎప్పుడైనా అరిగిన చోటు కోసి పారేసి గట్టి చోటే వాడతాం. మగవాళ్ల చొక్కా కాలర్ దగ్గర, మోచేతుల దగ్గర పోతుంది. ఎక్కడపడితే అక్కడ కూలబడేవాడి చొక్కా వీపు దగ్గర, పక్కల్లో మట్టిపట్టి పోతుంది. వీటిలో ఏదీ అలా లేదు. తొమ్మిదింటికి తొమ్మిదీ పొట్ట దగ్గర అరిగాయి. బొత్తాలకు అటూ ఇటూ అడ్డంగా జానెడు వెడల్పున నేత పలచబడి వెలుతురు కనబడుతోంది. అన్నిట్లో ఒకే ఎత్తులో.

నా చీరలకి కూడా అదే ఎత్తులో అరుగుతుంది. ఎందుకో నాకు తెలుసు. పొద్దుటి నుంచి నిలబడి బల్ల అంచుకి ఆనుకుని పని చేస్తే అక్కడ అరుగుతుంది.

మ్యాట్ నాలుగు మూలలా తాడు కట్టిన రంధ్రాలున్నాయి. ఎవరో దాన్ని బల్లకి కట్టుకుని వాడారు.

నా చెవులే పోయాయి, కళ్లు ఉన్నాయి. వాడు యానాంలో ఏం చేసేవాడు?

వెంకటదుర్గ


పిఠాపురం,
6 అక్టోబరు 2024

వదిన గారికి,

మూడు సార్లు రాసి చింపేశాను. ఇది పంపేస్తాను.

ఆయన యానాంలో ఇస్త్రీ చేసేవారు. లాడ్జీల వెనక జీవరాజు గారని ఒకాయన లాండ్రీ ఉంది. చెరువులు పోయిన ఏడాదే చేరారు. ఆరేళ్లు చేశారు. మొదట్లో లాడ్జీ దుప్పట్లు, దిండు గలీబులు. చెయ్యి కుదిరాక పట్టు చీరలు, పూసల పని ఉన్న జాకెట్లు ఆయనకే ఇచ్చేవారు. పూసల జాకెట్టు బల్ల మీద ఇస్త్రీ చేస్తే పూసలు పగులుతాయట. అందుకని జీవరాజు గారు ఆన్‌లైన్లో ఈ ఉన్ని మ్యాట్ తెప్పించారు. తిరగేసి వేస్తే పూసలు ఉన్నిలోకి కుంగి, గుడ్డ మాత్రం అణుగుతుంది. ఇంటికొచ్చి నాకు ఈ సంగతులన్నీ చెప్పేవారు. చెరువు గురించి కూడా అంతలా చెప్పేవారు కాదు.

ఆయన పోయింది లివర్ పాడై కాదు. గుండె. లాండ్రీలోనే పడిపోయారు. కాకినాడ తీసుకెళ్లేసరికి అయిపోయింది. ఊళ్లోవాళ్లు లివర్ అన్నారు, నేను కాదనలేదు. పదకొండో రోజు తర్వాత జీవరాజు గారు మ్యాట్ తెచ్చి ఇచ్చారు. "ఇది ఆయన చేతికి అలవాటైందమ్మా, మావాళ్లకి చేతకావట్లేదు" అన్నారు.

ఎందుకు దాచారంటారు. ఇంట్లో మగవాడు ఒకళ్ల బట్టలు ఇస్త్రీ చేసి బతుకుతున్నాడంటే మనవాళ్లు ఏమంటారో మీకు తెలుసు. మన ఊళ్లో బట్టలుతికే రాజరత్నం కొడుకులు అదే పని చేసి ఇద్దరూ మేడలు కట్టారు, అయినా మన వీధిలో అరుగు మీద కూర్చోమనరు. "తప్పు పనా ఇది?" అని నేనే ఒకసారి అడిగాను. "నాకు తప్పు లేదు. అక్క ఏమనుకుంటుందో" అన్నారు. తాగుతాడనుకున్నా ఫరవాలేదని ఊరుకున్నారు.

సాయిదుర్గ పెళ్లి రోజు కూడా పనికి వెళ్లారు. నేనొక్కదాన్నే పెళ్లికి వచ్చాను కదా. తిరిగొచ్చాక "బుట్ట ఎవరు పట్టారు?" అని అడిగారు. అచ్చిబాబు గారని చెప్పాను. "వాడికి నడుం నొప్పి కదా, పిల్లని జాగ్రత్తగానే తెచ్చాడా?" అన్నారు. జాగ్రత్తగానే తెచ్చారని చెప్పాను. అన్నం తిని పడుకున్నారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఎవరికీ చెప్పకండి. ఆయన దాచుకున్నది దాచుకున్నట్టే ఉండనివ్వండి.

సూర్యకళ


రామచంద్రపురం,
2 నవంబరు 2024

సూర్యకళకు,

నెల రోజులుగా బొంత ముట్టుకోలేదు.

నువ్వు ముందే చెప్పి ఉంటే పెళ్లికి పిలిచేదాన్ని. ఈ వాక్యం రాసి కొట్టేయబోయాను. పిలిచేదాన్నో లేదో తెలియదు. పెళ్లివారి ముందు నా తమ్ముడు ఏం చేస్తాడని అడిగితే ఏం చెప్పేదాన్నో తెలియదు. నేను ఊళ్లోవాళ్లందరి జాకెట్లూ కుడతాను. ఆ పని నాకు నామోషీ కాదు. వాడు అవే జాకెట్లు ఇస్త్రీ చేస్తే నామోషీ అనుకుని ఉండేదాన్ని. "అక్క ఏమనుకుంటుందో" అని వాడు అన్నది తప్పు కాదు.

యానాం వెళ్లి వస్తాను. వచ్చాక రాస్తాను.

వెంకటదుర్గ


రామచంద్రపురం,
1 డిసెంబరు 2024

సూర్యకళకు,

వెళ్లొచ్చాను.

బస్సు దిగగానే ఆటోవాడు ఏదో అడిగాడు. చెవి వినపడదని సైగ చేశాను. వాడు నవ్వి బొటనవేలు నోటి దగ్గర పెట్టుకుని, ఏ షాపుకి అన్నట్టు తల ఊపాడు. అరవై రెండేళ్ల ఆడదాన్ని, చేతిలో గుడ్డ సంచి. యానాంలో దిగితే ఎవరికైనా ఆ ఒక్క పనే ఉంటుందనుకున్నాడు. వాడి మీద కోపం రాలేదు. నేనూ ఆరేళ్లు అలాగే అనుకున్నాను, అదీ నా సొంత తమ్ముణ్ణి. కాగితం మీద లాండ్రీ పేరు రాసి చూపించాను.

జీవరాజు మంచివాడు. బిల్లు పుస్తకం తిరగేసి వెనక రాస్తూ మాట్లాడాడు. ఆ కాగితాలు తెచ్చుకున్నాను. ఇవీ ఆయన రాసినవి.

"రామచంద్రపురం అక్కగారా? కూర్చోండి."

"ఆ కిటికీ పక్క బల్ల ఆయనది. వెలుతురు ఉంటే గానీ పట్టు ముట్టుకునేవారు కాదు."

"బాక్సు విప్పినప్పుడల్లా మా అక్క అయితే కూరలో ఇంత కారం వెయ్యదు అనేవారు. మీ మరదలు గారికి చెప్పకండి."

"పండక్కి సెలవు ఇస్తే వద్దనేవారు. ఎక్కడికెళ్తాను సార్ అనేవారు."

నేను ఒక్కటే రాసి అడిగాను. తాగేవాడా అని. ఆయన రాయలేదు. లేదని తల అడ్డంగా ఊపాడు. తర్వాత, "ఆయనకి అల్లం టీ కూడా పడేది కాదమ్మా, కడుపులో మంట" అని రాశాడు.

ఇంటికొచ్చి బొంత మళ్లీ మొదలుపెట్టాను. పొట్ట దగ్గర అరిగిన ముక్కలన్నీ కోసి చెత్త సంచిలో వేసేశాను కదా, అవి వెతికి తీశాను. ఎనిమిదింటివి దొరికాయి, ఒకటి ఎలా పోయిందో తెలియదు. వాటి వెనక గట్టి గుడ్డ వేసి, మధ్య వరస అంతా వాటితోనే కుడుతున్నాను. పలచని గుడ్డ పెట్టె కింద ముడుచుకుపోతుందని భయపడ్డాను. మ్యాట్ మీద చదునుగానే పడుకుంది.

నేను నిర్ణయించుకున్నాను. మాఘంలో సంవత్సరీకానికి మనవాళ్లంతా పిఠాపురం పాదగయకి వస్తారు. భోజనాల దగ్గర అందరికీ చెబుతాను. అచ్చిబాబు మొహం మీదే చెబుతాను. తాగుబోతు వీరభద్రం అనే పేరు మీద పిండం పెట్టనివ్వను.

వెంకటదుర్గ


పిఠాపురం,
5 జనవరి 2025

వదిన గారికి,

మీరు చెప్పకండి. ఎందుకో రాస్తాను. ఇది చదివాక నన్ను ఏమన్నా సరే.

పోయిన ఉత్తరంలో ఒక సంగతి రాయలేదు. తాగుతాడన్న మాట ఊళ్లోవాళ్లు పుట్టించలేదు. అచ్చిబాబు గారు పుట్టించలేదు. నేను పుట్టించాను.

ఆయన లాండ్రీలో చేరిన రెండో నెల. అచ్చిబాబు గారు, అప్పాయమ్మ పిన్ని గారు మా ఇంటికొచ్చారు. అచ్చిబాబు గారు అడిగారు, "ఏంటి వదినా, అన్నయ్య రోజూ ఏడింటి బస్సుకి యానాం పోతన్నాడంట? ఏం ఎలగబెడతన్నాడు అక్కడ?" అని. పొయ్యి దగ్గరున్నాను. ఒక్క క్షణం ఆలోచించాను వదిన గారూ, ఆలోచించకుండా నోరు జారింది అని మీకు అబద్ధం చెప్పను. ఇస్త్రీ అని చెప్పడానికి నా నోరు రాలేదు. "యానాం ఎందుకెళ్తారో మీకు తెలీదా ఏంటండీ?" అన్నాను. ఆయన పకపకా నవ్వారు. పిన్ని గారు "అయ్యో, నీ ఖర్మే" అని నా తల నిమిరారు. అంతే. నాలుగు రోజుల్లో లంక అంతా పాకింది. ఎవరూ ఇంకో ప్రశ్న అడగలేదు. యానాం అంటే ఇంకేం అడుగుతారు?

పైగా అందరూ నా మీద జాలి పడ్డారు. కొబ్బరికాయలు పంపేవారు. నాకు అది బాగానే ఉండేది. ఇది కూడా రాసేస్తున్నాను.

ఆయనకి మూడో రోజున బస్సులో తెలిసింది. ఇంటికొచ్చి "నువ్వేనా అన్నావు?" అని అడిగారు. ఔనన్నాను. రెండు రోజులు బాక్సు తీసుకోకుండానే పనికి వెళ్లారు. తర్వాత "పోనీలే, అదే నయం" అన్నారు. ఆ మాట నిజంగా అన్నారు. కానీ ఆయన ఎంచుకుని అన్నది కాదు, నేను ఇంకో దారి లేకుండా చేస్తే అన్నది. మీకు రాసేటప్పుడు అంతా ఆయనే దాచుకున్నట్టు రాశాను.

మీరు పెళ్లికి పిలవొద్దన్నప్పుడు మీ ఇంటికొచ్చి ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. గుమ్మం దాకా వచ్చాను కూడా. లోపల పెళ్లివారి తాలూకు వాళ్లున్నారు. వెనక్కి పోయాను.

అందుకే మీరు చెప్పొద్దంటున్నాను. మీరు చెబితే అచ్చిబాబు గారు ఒక్కటే అడుగుతారు, "మరి వదినే చెప్పింది కదా?" అని. అప్పుడు నేను ఎక్కడ తల పెట్టుకోను? హాస్టల్ వార్డెన్ అచ్చిబాబు గారి వీధి ఆవిడే.

సూర్యకళ


రామచంద్రపురం,
27 జనవరి 2025

సూర్యకళకు,

నీ ఉత్తరం చదివి చాలా రోజులు పక్కన పెట్టాను. సాయిదుర్గ అడిగితే కరెంటు బిల్లు అని చెప్పాను.

నువ్వు ఒక మాట అన్నావు. నేను దాన్ని నమ్మి తమ్ముణ్ణి గుమ్మం ఎక్కనివ్వలేదు. ఎవరిది పెద్ద తప్పని తూచడం నాకు చేతకాదు. నువ్వు సిగ్గుపడ్డది నాలాంటివాళ్లని చూసే. అది నేను కాదనలేను. కానీ నిన్ను ఓదార్చడం కూడా నా వల్ల కాదు. ఇప్పుడప్పుడే కాదు.

చివరి సంగతి ఒక్కటే. నేను చెప్పను. అది నా నోటి నుంచి వస్తే నా బరువు దిగడానికి చెప్పినట్టే అవుతుంది. అన్నది నువ్వు, వెనక్కి తీసుకోవాల్సింది నువ్వు. తీసుకోకపోయినా నేను నిన్ను నిలదీయను. పక్కన కూర్చుని అన్నం తిని వచ్చేస్తాను. నువ్వు చెప్పినా, చెప్పకపోయినా, నాకు ఎలాగూ వినపడదు.

బొంత పూర్తయింది. తెస్తాను.

వెంకటదుర్గ


పిఠాపురం,
2 మార్చి 2025

వదిన గారికి,

ఆ రోజు బస్సు ఎక్కుతూ నా చెయ్యి పట్టుకుని "ఏం చెప్పావు?" అని అడిగారు. అప్పుడు కాగితం లేదు. మీరు చూసింది మీకు గుర్తుంటుంది. పెదాలు కదలడం, విస్తళ్ల దగ్గర చేతులు ఆగిపోవడం. మాటలు నేను రాస్తాను.

పిండ ప్రదానం అయ్యాక సత్రంలో భోజనాలు కదా. పెరుగు వడ్డించేటప్పుడు అచ్చిబాబు గారు పంతులు గారితో అన్నారు, "మా అన్నయ్యకి పిండం పాదగయలో కాదండీ, యానాంలో పెట్టాలి. కాకులన్నీ తూలుకుంటా వస్తాయి" అని. నలుగురైదుగురు నవ్వారు. పంతులు గారు నవ్వలేదు. మీరు మజ్జిగ మిరపకాయ కొరుకుతూ నా వైపు చూశారు. అడిగినట్టు చూడలేదు. ఊరికే చూశారు. నేను గరిటె కింద పెట్టాను.

నేను అన్నది ఇది. "అచ్చిబాబు గారూ, ఆయన చుక్క ముట్టలేదు. ఆరేళ్లు యానాంలో జీవరాజు గారి లాండ్రీలో ఇస్త్రీ చేశారు. నేను తిన్న తిండి ఆ ఇస్త్రీదే. తాగుతారని మీకు చెప్పింది నేను. సిగ్గుపడి అబద్ధం చెప్పాను. ఆయన దాన్ని మోశారు."

గరిటె మళ్లీ చేతిలోకి తీసుకున్నాను.

అచ్చిబాబు గారు "ఏంటి వదినా, ఇప్పుడా ఈ కబుర్లు?" అన్నారు. నమ్మలేదు. రమేష్ బాబు, ఆ చివర కూర్చున్నాడే, కాకినాడ బ్యాంకులో చేస్తాడు, అతను "లాండ్రీయా? మనోళ్లు లాండ్రీలోనా?" అన్నాడు. అప్పాయమ్మ పిన్ని గారు విస్తరి మీద చెయ్యి కడిగేసుకున్నారు. "తాగుడన్నా నయం కదే. అది మగాళ్లకి ఉండేదే. ఇది ఇప్పుడు నలుగురికీ తెలియాలా?" అన్నారు. ఎవరూ నన్ను తిట్టలేదు. ఎవరూ ఆయన్ని పొగడలేదు. లేచి చేతులు కడుక్కున్నారు. తాంబూలాలు తీసుకోకుండానే ఇద్దరు వెళ్లిపోయారు. మీరు బొంత ఒళ్లో పెట్టుకుని, నేను తినేదాకా నా ఎదురుగా కూర్చున్నారు. అది చాలు.

సాయంత్రం అచ్చిబాబు గారు ఒక్కరే హాస్టల్ గేటు దగ్గరికి వచ్చారు. "వదినా, నిజమేనా?" అని అడిగారు. నిజమేనన్నాను. "మరి నేనన్నీ... అన్నయ్య బస్సులో ఎదురైతే ఎంతమందిలో అన్నాను వదినా... ఒక్కసారైనా తిరిగి అనలేదేంటి?" అన్నారు. నాకు తెలియదన్నాను. గేటు దగ్గర విడిచిన చెప్పులు వేసుకోకుండానే రోడ్డు దాకా నడిచి, మళ్లీ వచ్చి వేసుకుని వెళ్లారు.

తర్వాత పది రోజులకి చినలంక వెళ్లాను, ఇల్లు దులుపుదామని. పిన్ని గారి ఇంటి ముందునుంచే వెళ్లాలి. ఆవిడ లోపలికి వెళ్లిపోయారు. దారిలో ఎవరూ జాలి పడలేదు. కొబ్బరికాయలు ఇవ్వలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్టాపులో ఒకావిడ కూర్చుని ఉంది, కొత్తగా ఆ ఊరికి కోడలుగా వచ్చినట్టుంది. నన్ను పైనుంచి కిందికి చూసి, పక్కనున్న పిల్లని మోచేత్తో పొడిచి, కాసేపటికి తనే అడిగింది.

"ఏమండీ, ఇస్త్రీ వీరభద్రం గారి తాలూకా మీరేనా?"

వెటకారమో, ఊరికే అడిగిందో తెలియదు. అక్కడ ఇంకో నలుగురున్నారు. అంతా నా వైపే చూస్తున్నారు.

"ఔనండి. ఆయన భార్యని" అన్నాను.

బస్సు వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను వదిన గారూ.

మీ
సూర్యకళ